గీత దాటని చీమలు

పళ్ళు తోముకోకముందే మాస్టారు పెరటి గోడ దగ్గరికి వెళ్ళి చీమల్ని లెక్కపెట్టేవాడు.

నడుం ఎత్తు గోడ అది. పైన సిమెంటు నున్నగా పూయించుకున్నాడు. దాని మీద అరచేతి వెడల్పున ఒక పెంకు ముక్క. మందు సీసా మూతలో పట్టి తెచ్చుకున్న తన మూత్రం నాలుగు చుక్కలు ఆ పెంకు మీద వేసి, చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీసేవాడు. నలభై ఏళ్ళుగా బట్ట మీద గీతలు గీసిన చెయ్యి కాబట్టి ఆ సున్నా ఎక్కడా వంకర పోయేది కాదు. తర్వాత కషాయం గ్లాసు పట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఎన్ని చీమలు గీత దాటి లోపలికి వస్తే ఆ రోజుకి ఆయన షుగరు అంత.

"గోడన్నాక చీమలు తిరుగుతాయి. తిరిగేవన్నీ నా కోసం వచ్చినట్టా? గీత దాటి వచ్చిందే నా చీమ," అనేవాడు.

లెక్క తేలాక వంటింటి వైపు తిరిగి, "ఏమే, పదకొండు," అని కేకేసేవాడు. ఆయన భార్య చేతిలో పని వదిలి, తలుపు వెనక వేలాడే క్యాలెండర్లో ఆ తేదీ గడిలో పదకొండు అని వేసేది. వెయ్యడం ఆలస్యమైతే, "వేశావా, ఇంకా వెతుక్కుంటున్నావా గడి?" అని రెండో కేక వచ్చేది.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది కానీ ఓటర్ల జాబితాలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ఆసుపత్రి కోట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టారు. ఇరవై పొరల బట్ట పరిచి, పై పొర మీద సుద్దతో ఆయన గీత గీస్తే, మిషను మీద కూర్చున్న పదిమందీ ఆ గీత వెంట నడవాల్సిందే. ఎవరికైనా కుట్టు అర అంగుళం పక్కకి పోతే, "నీ కళ్ళేమైనా అద్దెకి ఇచ్చావా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆయన నోటికి దడిసి ఇద్దరు మానేసిపోయారు కూడా. యజమాని మాత్రం ఏమీ అనేవాడు కాదు. మాస్టారు కోసిన బట్టలో పీలికలు కూడా తక్కువే పోయేవి.

అలాంటి మనిషిని చూసి ఒకరోజు వర్క్‌షాపు మొత్తం నవ్వింది. ఏడేళ్ళ కిందటి మాట. ఎవరో వచ్చి పనివాళ్ళందరికీ ఉచితంగా రక్తపరీక్షలు చేశారు. మాస్టారి వేలి కొన మీద పొడిచి, మీటరు చూసిన కుర్ర డాక్టరు, "ఏం పెద్దాయనా, ఇది ఒళ్ళా, చక్కెర బస్తానా?" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఇస్త్రీ ఆయన. నెల రోజుల పాటు వెనకాల ఆయన్ని 'బస్తా మాస్టారు' అనుకున్నారు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మాస్టారు నాలుగు మడతలు వేసి, కత్తెరతో సన్నగా చారలు చారలుగా కోసి, పీలికల గోనెలో వేశాడు. వచ్చిన ఆదివారమే పెరట్లోకి మొదటి కుండీ వచ్చింది.

అది పొడపత్రి తీగ. ఏడాది తిరిగేసరికి కుండీలు ఎనిమిదయ్యాయి. గోడ పొడుగునా పొడపత్రి, పక్కన తిప్పతీగ, కాకర పాదు, అందరూ ఇన్సులిన్ మొక్క అని పిలిచే వెడల్పాకుల మొక్క. వంటింటి అరలో మెంతిపొడి, నేరేడు గింజల పొడి, ఎండిన వేపచిగురు. ఏ ఆకు ఎప్పుడు కొయ్యాలో, దేన్ని నమలాలో, దేన్ని మరిగించాలో ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పద్ధతి తప్పితే ఆకు పనిచెయ్యదనేవాడు. అంచేత ఎవరికైనా గుణం కనిపించకపోతే తప్పు వాళ్ళదే అయ్యేది.

జనాన్ని తన దారికి తెచ్చుకోవడానికి ఆయన వాడింది పొడపత్రినే. రెండు పచ్చి ఆకులిచ్చి బాగా నమలమనేవాడు. నమిలి ఉమ్మేశాక నాలుక మీద చెంచాడు పంచదార వేసేవాడు. ఎవరికైనా సరే, అది ఇసకలా తగిలేది. గంటసేపు తీపి అన్నది నోటికి తెలిసేది కాదు. వాళ్ళ మొహాలు చూసి మాస్టారు కళ్ళు మూసుకుని తలాడించేవాడు.

"చూశావా? వాకిట్లోనే చంపేసింది. లోపలికెళ్ళాక వదులుతుందా?"

ఆ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఆ వర్క్‌షాపులో లేరు. ఆకు నమిలి చూసిన తర్వాతి వారం నుంచి ఇస్త్రీ ఆయన రోజూ పొట్లం కట్టించుకుని పోయేవాడు. ఆయనకీ షుగరుంది. "మీ ఆకు కాదు మాస్టారూ, అమృతం," అని పదిమందిలో అనేవాడు.

ఆ ఆకు మొట్టమొదట నమిలింది మాత్రం మాస్టారి భార్య. ఆవిడకి ఆయనకంటే రెండేళ్ళ ముందే షుగరొచ్చింది. బిళ్ళలు వేసుకుంటూ మామూలుగానే ఉండేది. అదే వర్క్‌షాపులో కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. చేతి కాజా కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మాస్టారు కుండీలు పెట్టిన కొత్తలో ఆవిడ బిళ్ళల డబ్బా తీసుకుని, "ఒకే ఇంట్లో రెండు వైద్యాలేమిటి? వినేవాళ్ళు నవ్వరూ?" అన్నాడు.

"నాకు ఇవి పడ్డాయి కదండీ," అంది ఆవిడ.

"అంటే నేను చెప్పేది పడదన్నమాట."

బిళ్ళలు ఆగిపోయాయి. గోడ మీద పెంకులు రెండయ్యాయి. ఎడమది ఆయనది, కుడిది ఆవిడది. ఆయన పెంకు మీదికి పన్నెండు చీమలొస్తే, ఆవిడ పెంకు మీదికి ముప్ఫై వచ్చేవి. దానికి ఆయనకి తోచిన కారణం ఒకటే. పంచదార డబ్బాకి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వర్క్‌షాపు నుంచి రాగానే దగ్గరికి వచ్చి, "నోరు తెరు," అని వాసన చూసేవాడు. నలభై ఆరేళ్ళ మనిషి, వీధి తలుపు తీసి ఉండగా, నోరు తెరిచి నిలబడేది.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున వర్క్‌షాపులో తెల్లకోటుకి కాజా కుడుతుంటే నల్లదారం ముక్క ఒకటి కంటికి అడ్డం పడ్డట్టు అనిపించింది ఆవిడకి. చేత్తో తీసి పారెయ్యబోయింది. చేతికి ఏమీ తగల్లేదు. మళ్ళీ తీసింది. పక్కనున్నామె, "గాలిలో ఏం దులుపుతున్నావక్కా?" అని నవ్వింది. మధ్యాహ్నానికి దారం ముక్కలు ఎక్కువయ్యాయి. సాయంత్రానికి కుడికంటి ముందు ఎర్రటి తెర దిగింది. ఆవిడ అక్క వచ్చి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కుడికన్ను చెయ్యి దాటిపోయిందని, ఎడమదైనా నిలబడాలంటే ఆ రోజు నుంచే ఇన్సులిన్ పొడుచుకోవాలని అక్కడ చెప్పారు.

కట్టుతో ఇంటికి వచ్చిన భార్యని చూసి మాస్టారు అన్న మొదటి మాట, "నా ఆకు సక్రమంగా తిన్నవాళ్ళకి కన్ను పోదు. నువ్వెక్కడో దొంగచాటుగా బొక్కావు," అని.

"తాళంచెవి మీ దగ్గరే ఉంది కదండీ."

"ఊళ్ళో పంచదార మన డబ్బాలోనే ఉందా?"

ఆ మాట ఇంట్లో అని ఊరుకోలేదు. వర్క్‌షాపులోనూ చెప్పాడు. ఆకు పరువు దక్కాలంటే పెళ్ళాం పరువు పోవాలి మరి. పదిహేను రోజుల తర్వాత ఆవిడ పనిలోకి వచ్చేసరికి ఆడవాళ్ళు చూసిన చూపు వేరుగా ఉంది. "ఎంత నోరు కట్టుకోలేకపోతే మాత్రం, కన్ను పోగొట్టుకుంటారా వదినా?" అని ఒకామె జాలిగానే అడిగింది. ఆ రెండేళ్ళలో ఆవిడ పంచదార పలుకు నోట వేసుకుని ఎరగదు. కాజాలు ఇక కుదరవని యజమాని ఆవిడని గుండీలు వేరుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రెండు బొక్కలవి, నాలుగు బొక్కలవి, చిన్నవి, పెద్దవి. ఆవిడ వాటిని చూసేది కాదు. వేళ్ళతో తడిమి, ఏ డబ్బాలోది ఆ డబ్బాలో వేసేది. అప్పట్నుంచి అందరికీ గుండీలమ్మ అయింది. మాస్టారు మాత్రం కోపం వచ్చినప్పుడు 'ఒంటికన్ను' అనేవాడు, కోపం లేనప్పుడు ఏమీ అనేవాడు కాదు.

ఆవిడ ఇన్సులిన్ ఆపలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట వినలేదు. గోడ మీద ఆవిడ పెంకుని ఆయనే తీసి పారేశాడు, ప్లాస్టిక్ సిరంజి వైద్యానికి చీమల లెక్క వర్తించదని.

ఇక సుద్ద సంగతి.

పోయినేడు వానలు మొదలయ్యేముందు వంటింట్లోకి చీమలు దండెత్తాయి. గుండీలమ్మ బస్టాపు దగ్గర ఒకడు అమ్ముతుంటే చీమల సుద్ద కొనుక్కొచ్చి గుమ్మానికి, బియ్యం డబ్బా చుట్టూ గీతలు గీసింది. మిగిలిన ముక్క పెరటి కిటికీ అంచు మీద పెట్టింది. మాస్టారికి గోడ దగ్గర వేరే రేకు డబ్బా ఉండేది. వర్క్‌షాపులో అరిగిపోయిన సుద్దముక్కలు తెచ్చి అందులో వేసుకునేవాడు. ఒకరోజు డబ్బా ఖాళీ. కిటికీ అంచు మీద తెల్లగా ఏదో కనిపిస్తే తీసి గుండ్రంగా గీశాడు. డబ్బాలో వేసుకున్నాడు.

దర్జీ సుద్ద బిళ్ళలా పలచగా ఉంటుంది. చీమల సుద్ద బడిలో వాడే దానిలా గుండ్రంగా ఉంటుంది. చీకట్లో ఇచ్చినా తేడా చెప్పగలిగే మనిషి ఆయన. కానీ అప్పటికి ఆరేడు నెలలుగా ఆయన వేళ్ళకి స్పర్శ తగ్గుతూ వచ్చింది. వేడి గ్లాసు పట్టుకున్నా చురుకు తెలిసేది కాదు. ఒకసారి కత్తెరకి బొటనవేలు తెగి, తెల్లబట్ట మీద మరక కనిపించేదాకా ఆయనకే తెలియలేదు. మిషన్లవాళ్ళు పరుగెత్తుకొస్తే, "నొప్పా? నాకా?" అని నవ్వాడు. చూపు కూడా మసకేసింది. అదంతా వయసనుకున్నాడు.

ఆ రోజు కషాయం అయిపోయింది. గీత లోపల ఒక్క చీమా లేదు. ఇంకో పావుగంట కూర్చున్నాడు. చీమలు గీత దాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగిపోతున్నాయి. మసక కళ్ళకి ఆ తిరుగుడు కనిపించలేదు. లోపల ఖాళీ మాత్రం కనిపించింది.

"ఏమే, ఇలా రా," అన్నాడు, ఈసారి మెల్లగా. "సున్నా."

ఆవిడ వచ్చి చూసి, వెళ్ళి గడిలో సున్నా వేసింది. మర్నాడూ సున్నా. ఆ పై రోజూ సున్నా. వారానికి మాస్టారు నడక మారింది. వర్క్‌షాపులో బల్ల మీద చెయ్యి వేసి, "ఆరేళ్ళ తపస్సు," అన్నాడు. ఆ సాయంత్రమే పంచదార డబ్బా తాళం తీశాడు. టీలో మూడు చెంచాలు. రోగం లేనివాడు తీపి తినడానికి భయపడితే అది ఆకుని అవమానించినట్టేనని ఇస్త్రీ ఆయనతో అన్నాడు.

పదకొండో రోజు మబ్బు పట్టింది. గుండీలమ్మ గోడ మీది డబ్బా లోపల పెడదామని తీసింది. డబ్బా ఒరిగి ముక్క చేతిలో పడింది. ఆవిడ వేళ్ళకి ఒక్క క్షణం పట్టలేదు. గుండ్రంగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఉన్న ఒక్క కన్నూ గోడకి దగ్గరగా పెట్టి చూసింది. గీత బయట రెండు చీమలు కాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాయి.

ఆ నిజం చెప్పాలి. చెప్పడానికే లోపలికి వచ్చింది. ముందు గదిలో మాస్టారు, ఆకులకని వచ్చిన ఇస్త్రీ ఆయన కూర్చుని ఉన్నారు.

"ఏవండీ, ఆ సుద్ద..."

"వచ్చిందయ్యా," అన్నాడు మాస్టారు ఇస్త్రీ ఆయనతో. "పదకొండు రోజులుగా చూస్తున్నాను, నా సున్నా చూసి ఈవిడకి కళ్ళు కుడుతున్నాయి." ఒక్క క్షణం ఆగాడు. "కళ్ళు కాదులే. కన్ను."

ఇస్త్రీ ఆయన పకపకా నవ్వాడు. మధ్యలో ఆవిడ మొహం చూసి ఆపేశాడు.

"ఊఁ, సుద్దకేమైంది?" అన్నాడు మాస్టారు.

"వాన వచ్చేలా ఉంది. లోపల పెట్టనా అని," అంది ఆవిడ.

"పెట్టు. అడగాలా దానికి కూడా?"

ఆవిడ డబ్బా లోపల పెట్టింది. వాన వెలిశాక తీసుకెళ్ళి గోడ మీద పెట్టింది.

నెలన్నరకి ఆ ముక్క అరిగిపోయింది. అదక్కడితో అయిపోతే చీమలు మళ్ళీ వచ్చేవి, ఆయన మళ్ళీ తాళం వేసేవాడు, ఏమో, డాక్టరు దగ్గరికే పోయేవాడేమో. ఒక సాయంత్రం వర్క్‌షాపు నుంచి వస్తూ గుండీలమ్మ బస్టాపు దగ్గర ఆగింది. పొట్లంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి వంటింట్లో పెట్టుకుంది. రెండోది విరిచి, అరిగినట్టు కనిపించేలా నేల మీద కొంచెం రుద్ది, రేకు డబ్బాలో వేసింది. మొదటి ముక్క ఆయన పొరపాటు. రెండోది ఆవిడ పని. ఆ తర్వాత ఇంకో మూడు పొట్లాలు పట్టాయి. క్యాలెండర్లో నెల నెలంతా సున్నాలే.

చలికాలం చివర ఒక ఆదివారం మాస్టారు కాళ్ళు బారజాపి నేల మీద కూర్చుని మెంతులు ఎంచుతున్నాడు. గది ఊడుస్తున్న గుండీలమ్మ ఆయన కుడిపాదం అడుగున ఏదో మెరవడం చూసింది. వంగి చూస్తే గుండుసూది తల. సూది మొత్తం లోపలే ఉంది. చుట్టూ చర్మం నల్లబడింది. వర్క్‌షాపు నేల మీద సూదులు మామూలే. పలచటి చెప్పులోంచి ఎప్పుడో దిగింది. ఆ మనిషి దాని మీదే ఎన్నాళ్ళు నడిచాడో ఎవరికీ తెలియదు.

ఆవిడ గోళ్ళతో పట్టి లాగింది. తుప్పుపట్టిన సూది, వెనకే చీము.

"ఏం చేస్తున్నావే కాళ్ళ దగ్గర?"

ఆవిడ సూది ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా నవ్వాడు.

"లాగితే తెలిసిందా నాకు? లేదు. గుచ్చుకుంటే తెలిసిందా? లేదు. ఒళ్ళు అలా తయారైందన్నమాట. నొప్పిని కూడా చంపేసిందే ఆకు."

"డాక్టరుకి చూపించండి. పుండు పడేలా ఉంది."

"సున్నా ఉన్నవాడికి పుండు మానక ఎక్కడికి పోతుంది? వేపాకు నూరి తీసుకురా."

ఆవిడ నూరి తెచ్చింది. వేపాకు ముద్ద పెట్టి, వర్క్‌షాపు తెల్లబట్ట చించి కట్టింది. వారానికి గది వాసన మారింది. పదో రోజుకి పాదం చెప్పులో పట్టలేదు. మాస్టారు పనికి పోవడం మానేసి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పెంకూ డబ్బా కిటికీ అంచు మీదికి మారాయి. అక్కడా గుండ్రటి గీత, లోపల సున్నా. ఆవిడ రెండోసారి, మూడోసారి డాక్టరు మాట ఎత్తింది. సుద్ద మాట మాత్రం ఎత్తలేదు. మూడోసారి ఆయన విసుక్కున్నాడు.

"నీలాగా దొంగతిండి తిన్నానా, ఊడిపోవడానికి?"

ఆవిడ కట్టు మార్చిన బట్ట తీసుకుని అవతలికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. గుండీలమ్మ టీ తెచ్చేసరికి ఆయన తల వంచి నేల వైపు చూస్తున్నాడు. గుమ్మం కింద నుంచి నల్లటి చార ఒకటి బయల్దేరి, గది మధ్యగా వచ్చి, కుర్చీ కాలు పక్క నుంచి ఆయన పాదానికి కట్టిన కట్టులోకి పోతోంది. వందలు. కట్టు మీద నలుపు కదులుతోంది.

"చక్కెర ఒలకబోశావా ఇక్కడ?" అన్నాడు మాస్టారు.

"లేదు."

"మరి ఇవెందుకు వచ్చాయే?"

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. కిటికీ అంచు మీది రేకు డబ్బా అందుకుని, అందులోని సుద్ద తీసి, వంగి, ఆయన కుర్చీ చుట్టూ నేల మీద గీత గీసింది. ఆవిడ గీత ఆయన గీతంత గుండ్రంగా లేదు. బారు మీదుగా గీత పడగానే ముందున్న చీమలు ఆగిపోయాయి. వెనకవి వచ్చి వాటికి తగిలి, అటూ ఇటూ తిరిగి, వచ్చిన దారినే పోవడం మొదలుపెట్టాయి. మాస్టారు కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. ఇంత దగ్గరగా, ఇన్ని చీమలు తిరిగిపోతుంటే ఆయనకి కూడా కనిపించింది.

"ఏం సుద్ద అది?"

"చీమల సుద్ద."

"ఎక్కడిది?"

"మీ డబ్బాలోదే."

ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ ముక్క ఇచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాన్ని దొర్లించాడు. మళ్ళీ దొర్లించాడు. చెంపకి రాసుకుని చూశాడు. చెంపకి తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి సున్నా నుంచి."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండో సున్నాకి."

వీధిలో ఆటో పిలవడానికి ఆవిడ చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో మీటరు అంకె చూపించలేకపోయింది. అంకెలకి పైన ఉంటే ఒట్టి అక్షరాలు చూపిస్తుందట. ముందు వేళ్ళన్నారు, తర్వాత పాదమన్నారు, చివరికి మోకాలి కింద దాకా తీసేశారు. డాక్టరమ్మ గుండీలమ్మని పక్కకి పిలిచి అడిగింది.

"మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నారు. మీకు అన్నీ తెలుసు. ఆయన్నిలా ఎలా వదిలేశారమ్మా?"

"ఆయన లెక్క ఆయనకుండేదండీ. నేను రాసిపెట్టేదాన్ని," అంది గుండీలమ్మ.

ఇస్త్రీ ఆయన బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మంచం చివర దుప్పటి ఒకవైపు చదునుగా ఉండడం చూసి ఎటు చూడాలో తెలియక కాసేపు కిటికీ వైపు చూశాడు.

"మాస్టారూ, ఒక మాట చెప్తాను, తిట్టకండి. నేను బిళ్ళలు మానలేదండీ. మొదట్నుంచీ వేసుకుంటూనే ఉన్నాను."

"మరి ఆకు?"

"మా మేకకి వేసేవాణ్ణి." తర్వాత కొంచెం ఆలోచించి, "దానికి షుగరు లేదులెండి," అన్నాడు.

మాస్టారు ఆయన్ని తిట్టలేదు. బత్తాయిలు ఎవరు తింటారని కూడా అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సుద్ద సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అక్కకి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు, చూడ్డానికి వచ్చిన యజమానికి చెప్పలేదు. ఒకసారి యజమాని, "ఇంట్లో ఎవరూ గమనించలేదా మాస్టారూ?" అన్నప్పుడు నోరు తెరిచాడు. మంచం పక్కన గుండీలమ్మ బత్తాయి ఒలుస్తోంది, తల ఎత్తలేదు. చెప్పాలంటే, నలభై ఏళ్ళు సుద్ద పట్టిన చెయ్యి సుద్దని గుర్తుపట్టలేకపోయిందని ముందు చెప్పుకోవాలి. నోరు మూసుకున్నాడు. అలా మూసుకుంటాడని ఆవిడకి తెలుసు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆ మాత్రం కొలతలు ఆవిడకీ తెలిశాయి.

ఎనిమిది కుండీల్లో ఏడు ఎండిపోయాయి. పొడపత్రి మాత్రం నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా గోడ ఎక్కి ఒకప్పుడు పెంకు ఉన్న చోటంతా కమ్మేసింది. వర్క్‌షాపులో కటింగ్ బల్ల దగ్గర ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. పీలికలు ఎక్కువ పోతున్నాయని యజమాని గొణుగుతాడట. గుండీలమ్మ మధ్యాహ్నాలు మాత్రం పనిలోకి వెళ్ళి వస్తుంది. అక్కడి ఆడవాళ్ళు ఇప్పుడావిడతో, "మీరు కాబట్టి చేస్తున్నారు వదినా," అంటారు.

మాస్టారు కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చుని ఉంటాడు. సిరంజి మీది సన్నగీతలు ఆయన కళ్ళకి ఆనవు. సూది దిగిందీ లేనిదీ వేళ్ళకి తెలియదు. రోజుకి రెండుసార్లు ఆవిడే సీసా తెచ్చి, సిరంజిని ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని మందు ఎక్కిస్తుంది.

"ఎంత?" అంటాడు ఆయన.

"పద్దెనిమిది," అంటుంది ఆవిడ.

ఆయన కాసేపు ఆవిడ మొహం వైపు చూసి, చొక్కా పైకి ఎత్తుతాడు. పొద్దున పద్దెనిమిది యూనిట్లు, సాయంత్రం పన్నెండు. తలుపు వెనక క్యాలెండర్లో ఆ అంకెలు ఆవిడే వేస్తుంది.